స్టైరీన్ ట్యాంకు దగ్గర షిఫ్టు హాయిగా గడిపే చిట్కాలు

విశాఖ కెమికల్ ఫ్యాక్టరీల్లో కొత్తగా చేరిన కుర్రాళ్ళు అనవసరంగా ఒళ్ళు హూనం చేసుకుంటున్నారు. వాళ్ళ సుఖం కోరి చెబుతున్నాను. ఇందులో చాలావరకు 2020 వేసవిలో గోపాలపట్నం పక్కన, వెంకటాపురం ఎల్జీ పాలిమర్స్‌లో జరిగి చూపించినవే.

1. సాయంత్రం ఐదు కాగానే చల్లబరిచే యంత్రం కట్టేయండి. స్టైరీన్‌ని 20 డిగ్రీల లోపు ఉంచాలని రాసుంటుంది. మే నెల ఉక్కపోత మనుషులకే గానీ ట్యాంకుకి ఉండదు.

2. థర్మామీటరు ట్యాంకు అడుగున మాత్రమే ఉంచండి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. స్టైరీన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుంటూ వేడి పుట్టిస్తాయి. ఆ వేడికి ఇంకా జోరుగా అతుక్కుంటాయి. వేడెక్కిన ద్రవం పైకి చేరుతుంది, అడుగున మాత్రం చల్లని అంకె కనిపిస్తుంది. లాగ్‌బుక్‌లో దాన్నే రాయండి. తెల్లవారుజామున మూడింటి రీడింగు కూడా రాత్రి భోజనానికి ముందే వేసేయండి, పెన్ను మార్చి. పైన, మధ్యలో సెన్సార్లు పెట్టారంటే కునుకు పోయినట్టే. అక్కడ లీకైన ఎం6 ట్యాంకులో అవి లేవు. స్టైరీన్ 145 డిగ్రీల దగ్గర మరుగుతుంది, అక్కడిదాకా మీకు ఏ బెంగా ఉండదు.

3. అతుక్కోకుండా ఆపే టీబీసీ మందు అయిపోతే ఇండెంటు పెట్టకండి. అది పనిచేయాలంటే ద్రవంలో ఆక్సిజన్ కూడా ఉండాలట. రెండూ కొలవడం మానేస్తే రెండూ తగ్గినట్టు తెలియదు.

4. పాలిమర్ శాతం పెరుగుతోందని ల్యాబువాళ్ళు ఫోన్ చేస్తే "ట్యాంకు పాతది సార్" అనండి.

5. సైరన్ జోలికి పోవద్దు. ఆ ఫ్యాక్టరీలో మీటలు 36 చోట్ల ఉండేవి. మే 7 తెల్లవారుజామున ఆవిరి లీకైనా ఒక్కటీ నొక్కలేదు. నొక్కితే ఊరు లేస్తుంది, లేచిన ఊరు గేటు దగ్గరకొచ్చి అడుగుతుంది. స్టైరీన్ ఆవిరి గాలికన్నా బరువు, చప్పుడు లేకుండా నేలబారున ఇళ్ళలోకి పోతుంది. పన్నెండు మంది చనిపోయారు, వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. మీ షిఫ్టులో మాత్రం మోత ఉండదు.

6. సంజాయిషీ ముందే సిద్ధం చేసుకోండి. ఆ ప్రమాదంపై నీరభ్ కుమార్ ప్రసాద్ కమిటీ 2020 జులైలో నివేదిక ఇచ్చింది, అలాంటి వాళ్ళు మీ దగ్గరకీ వస్తారు. "లాక్‌డౌన్‌లో ప్లాంటు ఆగింది, ట్యాంకు కూడా ఆగిందనుకున్నాం" అనండి. ప్లాంటు ఆగినా లోపల రసాయనం ఆగదు కదా అని ఎవరైనా అడిగితే, తలూపి క్యాంటీన్‌కి వెళ్ళిపోండి.