పెచ్చులూడిన గోడకు పట్టాభిషేకం

ఫ్యాక్టరీ నడుస్తున్నంత కాలం అది నగరానికి పట్టిన పీడ అనీ, మూతపడ్డ మరుసటి రోజు నుంచి అదే నగరపు వారసత్వ సంపద అనీ ఆధునిక పట్టణ శాస్త్రం తిరుగులేని విధంగా నిరూపించింది. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరంలో, వుడ్‌స్టాక్ అనే పాత కార్మిక పేటలో, ఆల్బర్ట్ రోడ్డు మీద ఉన్న ‘ఓల్డ్ బిస్కెట్ మిల్’ ఈ సిద్ధాంతానికి ప్రామాణిక ఉదాహరణగా నిలుస్తుంది. ఒకప్పుడు పయట్ కంపెనీ బిస్కెట్లు తయారైన ఆ ఆవరణలో 2006లో ‘నైబర్‌గుడ్స్ మార్కెట్’ పేరుతో తిండి పదార్థాల, చేతిపనుల శనివారపు సంత మొదలైంది. బిస్కెట్ల కోసం ఆ గేటు దాటినవారు కూలి తీసుకుని బయటికి వచ్చేవారు. సంత కోసం దాటేవారు అదే కూలికి కొన్ని రెట్లు అక్కడ వదిలి, తృప్తిగా బయటికి వస్తారు.

ఈ క్షేత్రంలో సందర్శకులు ముందుగా దర్శించుకునేది గోడను. ‘ఎక్స్‌పోజ్డ్ బ్రిక్’ అనగా సున్నం, సిమెంటు పూత ఏదీ లేకుండా ఇటుకలు బయటికి కనబడేలా ఉంచిన గోడ. తెలుగు ఊళ్లలో ప్లాస్టరింగు లేని ఇల్లు కనబడితే, స్లాబు పడేసరికే పాపం యజమాని చేతిలో డబ్బు అయిపోయిందని దారినపోయేవారు సైతం జాలిపడతారు. ఇలాంటి ఆవరణల్లో మాత్రం అదే గోడ, పూత వేయించగలిగి కూడా వేయించకుండా ఉండగల స్తోమత తన యజమానికి ఉందని చాటుతుంది. తుప్పు విషయంలోనూ శాస్త్రం ఇంతే నిక్కచ్చిగా ఉంటుంది: ఉన్న తుప్పు రాలిపోకూడదు, కొత్త తుప్పు పట్టకూడదు, సందర్శకుల తెల్లచొక్కాలకు అంటకూడదు. ఈ మూడూ సాధించే పనివారికి ఆ దూలాలను మొదట బిగించినవారి కంటే ఎక్కువ కూలి ముడుతుందని ఊహించడానికి పెద్ద పరిశోధన అవసరం లేదు.

సంతలో వినిపించే పదజాలానికి కొంత వ్యాఖ్యానం అవసరం. ‘ఆర్టిజనల్’ అనగా యంత్రాల మీద వేల సంఖ్యలో కాక, తెలిసిన చేతులతో కొద్దికొద్దిగా తయారైనది. ‘స్మాల్ బ్యాచ్’ అనగా ఆ కొద్దిపాటిది కూడా పదకొండు గంటలకల్లా అయిపోయేది. ‘సౌర్‌డో’ అనగా దుకాణపు ఈస్టు కలపకుండా, నిలవ ఉంచిన పులిసిన పిండితోనే పొంగించి కాల్చిన రొట్టె. బిస్కెట్ ఫ్యాక్టరీలో పిండి కలిపినవారివి కూడా చేతులే అయినప్పటికీ, ఆ చేతుల పేర్లు ఏ డబ్బా మీదా అచ్చు కాలేదు. ఇటువంటి సంతల్లో జున్ను అమ్మే యువకుడి సంగతి వేరు. అతడు బ్యాంకు ఉద్యోగం ఎందుకు వదులుకున్నాడో, మేకల మధ్య తన్ను తాను ఎలా కనుగొన్నాడో ఒక అట్టముక్క మీద చక్కని దస్తూరీలో రాసి ఉంటుంది, కొనేవారు జున్నుతో పాటు దాన్ని కూడా చదివి జీర్ణించుకుంటారు. దీని నుంచి ఒక ఆర్థిక సూత్రాన్ని రాబట్టవచ్చు: ఒక చేతికి ఇంకేదైనా పని దొరికే అవకాశం ఎంత ఎక్కువో, ఆ చేతిపనికి పలికే ధర అంత ఎక్కువ. వేరే గతిలేక పిండి పిసికితే అది కూలి, గతులన్నీ ఉండి పిసికితే కళ.

మిల్లులోని సైలో, అంటే సరుకు నిల్వచేసే ఎత్తయిన గాదె, తన శిఖరాన ఒక ఖరీదైన రెస్టారెంటును మోస్తోంది. అదే ఆవరణలో 2010 నుంచి 2021 వరకు నడిచిన ‘టెస్ట్ కిచెన్’ అనే భోజనశాల, ప్రపంచపు 50 మేటి రెస్టారెంట్ల జాబితాలో 2016లో 22వ స్థానం సంపాదించింది. పనివారి పేటకు ఇంతటి కీర్తి తెచ్చిన భోజనాన్ని ఆ పేటలో ఎంతమంది రుచి చూశారన్నది అటువంటి జాబితాలు అడిగే ప్రశ్న కాదు.

ఇన్ని ఫ్యాక్టరీలు ఇంత అందంగా ఖాళీ కావడానికి చరిత్ర చాలా శ్రమపడవలసి వచ్చింది. వుడ్‌స్టాక్, దాని పక్కనున్న సాల్ట్ రివర్ పేటలు చాలాకాలం బట్టలు కుట్టే పరిశ్రమకు పట్టుగొమ్మలుగా ఉన్నాయి; కుట్టుపనిలో ఎక్కువమంది స్త్రీలే. 1990ల నుంచి దిగుమతి సుంకాలు తగ్గి, చైనా నుంచి చవక బట్టలు వచ్చిపడడంతో కేప్‌టౌన్‌లో చాలా కుట్టుశాలలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. సూదిలోకి దారం ఎక్కించడానికి వెలుతురు కావాలని పెట్టిన పెద్దపెద్ద కిటికీలు, ఇప్పుడు డిజైనర్ల అద్దె ప్రకటనలలో ‘సహజ కాంతి’గా చెలామణి అవుతున్నాయి. వుడ్‌స్టాక్‌కు ఇంకో విశేషం ఉంది. దాని పొరుగునే ఉన్న డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేటను వర్ణవివక్ష ప్రభుత్వం 1966లో తెల్లవారికి మాత్రమే ప్రత్యేకించి, 60,000 మందికి పైగా జనాన్ని ఖాళీ చేయించి, ఇళ్లను బుల్డోజర్లతో కూల్చివేసింది. వుడ్‌స్టాక్ మాత్రం చాలావరకు ఆ వేటు తప్పించుకుని, రకరకాల జనం కలిసి బతికే చోటుగా మిగిలింది. బుల్డోజరు చేయలేకపోయిన ఆ పనిని కాఫీ యంత్రం ఎవరినీ తిట్టకుండా, కొట్టకుండా, మంచి సువాసనతో చేయగలదని అప్పట్లో ఎవరికీ తట్టలేదు.

పండితులు దీన్ని ‘జెంట్రిఫికేషన్’ అంటారు. రూత్ గ్లాస్ అనే సామాజిక శాస్త్రవేత్త 1964లో లండన్ పేటలను చూసి పెట్టిన పేరు అది. పేదల పేట మీద డబ్బున్నవారి కన్ను పడడం, ఇళ్లు బాగుపడడం, బాగుపడిన ఇళ్లలో అద్దె కట్టలేక పాతవారు వెళ్లిపోవడం దాని లక్షణాలు. బిస్కెట్ మిల్లుకు కూతవేటు దూరంలోని బ్రామ్‌వెల్ వీధిలో తరతరాలుగా అద్దెకుంటున్న కుటుంబాలు ఈ లక్షణాలను పుస్తకం చదవకుండానే నేర్చుకున్నాయి. సంతతో సంబంధం లేని ఒక ప్రైవేటు సంస్థ 2013లో వారి ఇళ్లను కొన్నది. 2016లో కోర్టు ఖాళీ చేయమంది. అత్యవసర వసతి చూపాల్సిన నగరపాలక సంస్థ, దాదాపు 30 కిలోమీటర్ల అవతల ఉన్న వోల్వరివీర్ అనే రేకుల షెడ్ల కాలనీని చూపింది. ‘నైబర్‌గుడ్స్’ అన్న పేరులో పొరుగువారు ఉన్నారు గానీ, ఆ పొరుగువారు ఏ వీధివారో బోర్డు మీద రాసి లేదు.

ఆ వసతిని సవాలు చేసిన వ్యాజ్యం కింది కోర్టు నుంచి పైకి, ఒకసారి నివాసుల పక్షాన, ఇంకొకసారి నగరం పక్షాన తీర్పులు మోసుకుంటూ సాగింది. చివరికి 2024 డిసెంబరులో రాజ్యాంగ న్యాయస్థానం, నగరపు అత్యవసర గృహ విధానం అమలవుతున్న తీరు రాజ్యాంగ విరుద్ధమని తేల్చి, వుడ్‌స్టాక్‌లోనో సాల్ట్ రివర్‌లోనో నగరం నడిబొడ్డునో వీలైనంత దగ్గరలో ఆ కుటుంబాలకు ఆరు నెలల్లోగా తాత్కాలిక వసతి కల్పించాలని ఆదేశించింది. అంతకుముందు నగరపాలక సంస్థ వినిపించిన వాదన ఏమంటే, నడిబొడ్డున ఉన్న స్థలాలను కొంత ఆదాయం గల అద్దెదారుల సామాజిక గృహాలకు కేటాయించామనీ, అత్యవసర వసతికి అక్కడ తావు లేదనీ. తావు కరువన్న మాటను పూర్తిగా కొట్టిపారేయడం న్యాయం కాదు: శనివారం పొద్దెక్కాక ఆల్బర్ట్ రోడ్డు మీద కారు నిలపడానికి చోటు వెతికే ఏ సందర్శకుడైనా నగరపాలక సంస్థ తరఫున సంతోషంగా సాక్ష్యం చెప్పగలడు.