బీట పడ్డ అంకుడు మొద్దు ఆత్మకథ

"నేను" అనడానికి ఈ మొద్దుకు మొహమాటం. రంపం పడ్డ ప్రతిసారీ ముక్కలయ్యే ఒళ్ళు దానిది. అందులో ఏ ముక్కను "నేను" అనుకోవాలి? అందుకే తన కథను ఎవరిదో చెబుతున్నట్టే చెప్పుకుంటుంది.

పుట్టింది కొండవాలున. జాతి అంకుడు. గాటు పెడితే పాలు కారతాయి, చెక్క తెల్లగా, నున్నగా ఉంటుంది. లేత్ మీద తిప్పడానికి ఇంతకంటే అనువైన కర్ర దొరకడం కష్టం. కర్ణాటకలో చన్నపట్న బొమ్మలదీ ఈ జాతే. మన మొద్దు మాత్రం అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డునున్న ఏటికొప్పాక చేరింది. అక్కడి లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ పేరులో తన జాతికీ వాటా ఉందని మొద్దు గట్టి నమ్మకం.

కొన్నరోజే మేస్త్రి దాన్ని మూరెడు ముక్కలుగా కోయించి పాకలో పేర్పించాడు. ఒక్క ముక్క మాత్రం పెరట్లో ఎండన ఉండిపోయింది. సాయంత్రానికి దాని కోసిన ముఖం మీద వెంట్రుకంత గీత కనిపించింది. మర్నాటికి అందులో గోరు దూరింది. నడిమధ్య బెండు దగ్గర మొదలై తిన్నగా బెరడు వైపు సాగింది ఆ బీట.

కర్ర పగిలితే అమ్మినవాణ్ణి తిట్టడం రివాజు. మొద్దు ఇందుకు ఒప్పుకోదు. పచ్చి కర్రలో నీళ్ళు రెండు చోట్ల ఉంటాయి: కణాల బోలులో కొన్ని, కణాల గోడల్లో కొన్ని. ముందు పోయేవి బోలులోవి. అవి పోతున్నంతసేపూ బరువు తగ్గుతుంది గానీ సైజు మారదు. తేమ దాదాపు 30 శాతానికి దిగాక గోడల్లోని నీరు కదులుతుంది, కర్ర ముడుచుకోవడం మొదలవుతుంది. ఈ శాతం కట్టేది పూర్తిగా ఎండిన కర్ర బరువు మీద. కిలో ఎండు కర్రకు కిలో నీరు పట్టి ఉంటే తేమ 100 శాతం అంటారు, వినడానికి వింతగా ఉన్నా.

అన్ని వైపులా ఒకేలా ముడుచుకుంటే గొడవే లేదు. పొడవునా తగ్గేది దాదాపు ఏమీ ఉండదు. బెండు నుంచి బెరడు దాకా ఎంత తగ్గుతుందో, వలయాల వెంట చుట్టూరా అందుకు సుమారు రెట్టింపు తగ్గుతుంది. 20 సెంటీమీటర్ల అడ్డకొలత గల గుండ్రటి బిళ్ళ ఉందనుకుందాం. చుట్టుకొలత 63 దాకా ఉంటుంది. అడ్డకొలత 4 శాతం, చుట్టూరా 8 శాతం తగ్గితే చుట్టుకు రెండున్నర సెంటీమీటర్లు చాలవు. పొట్ట పెరిగాక బొత్తాలు అందని చొక్కా లాంటి పరిస్థితి. ఆ చాలనిదే బీట. బెండును లోపలే ఉంచుకున్న లావుపాటి దుంగ పగలకుండా ఆరడం అందుకే అరుదు. బెండు మీదుగా నిలువునా రెండుగా చీలిస్తే ముడుచుకోవడానికి దానికి కాస్త చోటు దొరుకుతుంది.

నీళ్ళు మోసే గొట్టాలన్నీ చెట్టుకు నిలువునా ఉంటాయి కాబట్టి కోసిన చివరల దగ్గర అవన్నీ నోళ్ళు తెరుచుకుంటాయి. పక్కల కంటే అక్కడ 10 నుంచి 15 రెట్లు వేగంగా తేమ పోతుంది. చివర ముడుచుకుపోతుంటే నడుము ఇంకా తడిగానే ఉండి కదలదు. కోసిన వెంటనే చివరలకు మైనం పూయాలి. వెంటనే అంటే వెంటనే, టీ తాగొచ్చి కాదు. గీత పడ్డాక పూసిన మైనం దాన్ని కప్పిపెట్టడానికే పనికొస్తుంది.

విదేశాల్లో సరదాగా చెక్క గిన్నెలు తిప్పుకునేవాళ్ళకు మొత్తంగా మైనంలో ముంచిన ముక్కలు అమ్ముతారు. పైన నిగనిగ, లోపల పచ్చి. ఆరిందనుకుని తిప్పేస్తే గిన్నె కోలగా సాగుతుంది, లేదా చీలుతుంది. అనుభవం ఉన్నవాళ్ళు గిన్నె అడ్డకొలతలో పదో వంతు మందం ఉంచి ముందు మోటుగా తిప్పుతారు. కాగితం సంచిలో పెట్టి, తిప్పగా వచ్చిన పొట్టుతోనే కప్పి, నెలల తరబడి వదిలేస్తారు. అది కోలగా మారాక మళ్ళీ గుండ్రం చేస్తారు. అలాగని అంకుడు లాంటి తెల్ల కర్రను గాలాడకుండా మూసిపెట్టినా ముప్పే, బూజు పట్టి నీలి మరకలు దిగుతాయి.

పాకలోని ముక్కల మీద ఒకనాడు మేస్త్రి మేనల్లుడి కన్ను పడింది.

"మావయ్యా, ఇది ఎండిపోయింది కదా, ఎక్కించేద్దామా?"

"తూకమేశావేటి? వారం వారం తగ్గడం ఆగనీరా. ఇప్పుడే తిప్పితే మూత పట్టేస్తాది."

మేస్త్రి మనసులో ఉన్నది కుంకుమ భరిణె. గుండ్రంగా తిప్పిన మూత తర్వాత ఆరితే కోలగా అవుతుంది. ఒకపక్క వదులు, ఒకపక్క బిగుతు. లక్క పూత దాన్ని ఆపలేదు. తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీ ఒత్తితే రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది, మొగలి ఆకుతో రుద్దితే మెరుస్తుంది. ఆ మెరుపు కింద కర్ర తన పాటికి తాను ముడుచుకుంటూనే ఉంటుంది.

తూకం నిలిచిందన్నా పూర్తిగా నమ్మడానికి లేదు. గాలిలో తేమ 80 శాతం ఉండే తీరంలో కర్ర 16 శాతం దగ్గర ఆగుతుంది. అదే ముక్క ఎండాకాలం హైదరాబాద్ వెళ్ళి, గాలిలో తేమ 30 శాతానికి పడిపోయిన గదిలో కూర్చుంటే 6 శాతం వైపు దిగడం మొదలుపెడుతుంది. ముక్క కొనేవాళ్ళు ఆరిందా అని అడిగి ఊరుకుంటారు. ఏ ఊరి గాలికి ఆరిందో కూడా అడగాలి.

ఇక పెరట్లో పగిలిన ముక్క సంగతి. బీట కనిపించినంత మేర కోసి మేస్త్రి ఆగలేదు. ఇంకాస్త లోపలికి జరిగి పల్చటి బిళ్ళ కోసి చేత్తో వంచాడు. ఫట్‌మని విరిగింది. కంటికి ఆనని గీత అక్కడా ఉందన్నమాట. ఇంకోటి కోశాడు, అదీ విరిగింది. ఆ తర్వాతది వంగి నిలిచింది. అక్కడికి మిగిలిన కర్ర భరిణెకు చాలదు గానీ బొంగరానికి సరిపోయింది. కోసేసిన చివరలు పొయ్యిలోకి వెళ్ళాయి. తెగ ఎండి ఉన్నాయేమో, ఇట్టే అంటుకున్నాయట.