ముందుసీటు మామ

గోరంట్లలో నాలుగిళ్లవాళ్లు కలిసి టెంపో మాట్లాడుకున్నారంటే, డ్రైవరెవరని ఎవరూ అడగరు. ముందుసీట్లో ఎవరని అడుగుతారు. ఆ సీటు మామది. ప్రతి వీధికీ ఒక మామ ఉంటాడు. భుజాన తువ్వాలు, జేబులో చిల్లర, నోట్లో దారి.

"తెల్లారి ఐదుకే కదలల్ల. రానోళ్లను వదిలేసి పోతా" అని ముందురోజు రాత్రి ఇంటింటికీ చెప్పొస్తాడు. ఐదున్నరకు ఆయన గడ్డం సగమే గీసి ఉంటుంది. ఏడుకు బండి కదిలి, మాధవరాయస్వామి గుడి ముందు టెంకాయ కొట్టడానికి ఆగుతుంది. వెనక గ్యాస్ స్టవ్వు, చాపలు, నీళ్ల క్యాన్లు, గంపెడు చిత్రాన్నం, ఓళిగలు. సిడ్నీలో ఉన్న మేనల్లుడు పడకా వంటగదీ ఉన్న క్యారవాన్ బండి ఫొటో పంపి, అక్కడి ఎడారిలో రెండొందల కిలోమీటర్లకు గూడా పెట్రోలు బంకుండని రోడ్లున్నాయని రాశాడట. మామ చూసి, "ముందుసీట్లో ఎవురూ లేరే, ఎట్ల పోతారప్పా?" అన్నాడు.

పాలసముద్రం రాగానే కస్టమ్స్ అకాడమీ గోడ చూపిస్తాడు. "2024 జనవరిలో ప్రధానమంత్రి దీన్ని ప్రారంభించినపుడు నేను ముందువరసలో ఉన్నా." ఆ రోజు ఈయన కాలు బెణికి మంచంలో ఉన్నాడని అత్త వెనకసీట్లకు మెల్లగా చెబుతుంది. మామకు వినబడుతుంది. తల తిప్పడు.

లేపాక్షిలో వేలాడే స్తంభం కింద అందరూ పల్చటి గుడ్డ దూరుస్తారు. మామ మడతపెట్టిన తువ్వాలు దూర్చబోతాడు. అది పోకపోతే స్తంభం కిందికి దిగిందంటాడు. 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు ఉన్న రాతి నంది ముందు మాత్రం కాసేపు మాటలుండవు. తర్వాత, "దీనికి మేత యాడ తెస్తారప్పా, మన సీమలో?" అంటాడు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే వాన పడే నేల మరి, న్యాయమైన ప్రశ్నే.

అసలు మామను చూడాలంటే ఉలవల దగ్గర చూడాలి. కోతల కాలంలో ఇక్కడి పల్లెరోడ్ల మీద ఉలవకట్టె పరుస్తారు. బండ్లు తొక్కితే నూర్పిడి అయిపోతుంది, కూలి మిగులుతుంది. డ్రైవరు పక్కనుంచి పోనిస్తే మామ ఒప్పుకోడు. "రైతు కష్టమప్పా, నడిమింట్ల పోనీ!" బండి తొక్కుతుంది. "ఇంకోసారి!" వెనక్కి వచ్చి మళ్లీ తొక్కుతుంది. ఈలోగా మామ దిగి, గింజ కొరికి, చేను ఎన్నెకరాలు, బోరు ఎన్నడుగులు, కూతురినెక్కడిచ్చారు, అన్నీ కనుక్కుంటాడు. రైతు మజ్జిగ ఇస్తాడు. బండి చక్రాలకు ఉలవకట్టె చుట్టుకుని అరగంట పోతుంది. డ్రైవరు కింద దూరి పీకుతుంటే, ఎట్లా పీకాలో మామ నిలబడి చెబుతుంటాడు. తర్వాత గొర్రెలమంద అడ్డమొస్తుంది. కాపరి ఈయనకు దూరపు చుట్టమని తేలుతుంది. ఎప్పుడూ తేలుతుంది.

పెనుకొండ చేరేసరికి మిట్టమధ్యాహ్నం. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడిపోయాక విజయనగరం వాళ్లు రాజధానిని ఇక్కడికే మార్చారు. మామ చెప్పే తీరు వింటే సామాన్లు సర్దించింది ఈయనేమోననిపిస్తుంది. కొండ ఎక్కమని అందరినీ తరిమి, తాను చింతచెట్టు కింద చాప వేస్తాడు. పైనుంచి పిల్లలు కేకేస్తే, కిందనుంచే ఎడమకు తిరగమని చెయ్యి ఊపుతాడు. ఎర్రమంచి కియా ఫ్యాక్టరీ దగ్గర మాత్రం, అంతపెద్ద షెడ్డులో టెంపో ఒక్కటీ చెయ్యరంట అని చిన్నబుచ్చుకుంటాడు.

ధర్మవరంలో మామ అధికారం ముగుస్తుంది. "ఐదు నిమిషాలే" అని ఆయన అనడం, పట్టుచీరల అంగట్లో ఆడవాళ్లు చెప్పులు విప్పి స్థిరంగా కూర్చోవడం ఒకేసారి జరుగుతాయి. రెండు గంటలు మూలన స్టూలు మీద కూర్చుని, ఎవరూ అడగకున్నా ప్రతి చీరకూ "బాగుండాది" అంటాడు. చివర్న బిల్లు చూసి మంచినీళ్లడుగుతాడు.

తిరిగొచ్చేదారి రాత్రి. వెనక అందరూ నిద్ర. ముందు మామ ఒక్కడే 1990ల నాటి కరువు గురించి, అల్లుడి గురించి, టైర్ల గురించి మాట్లాడుతూనే ఉంటాడు. ఇంత వాగుడెట్లా భరిస్తావని డ్రైవరును అడిగాను. "ఆయప్ప నోరు మూస్తే నా కండ్లు మూతబడతాయి సార్" అన్నాడు.

మీరీ వైపు వచ్చి టెంపో మాట్లాడుకుంటే, ముందు మామను మాట్లాడుకోండి. డబ్బులు తీసుకోడు. కిటికీ సీటిస్తే చాలు. సంక్రాంతికైతే నెల ముందే చెప్పుకోవాలి, దొరకడు.