ఖండిత

తెలంగాణ వచ్చిన కొత్తలు. సంక్రాంతి సెలవుల్లో నకిరేకల్ కుర్రాళ్లు కొందరు ప్రేమ కవితల పోటీ పెట్టారు. ఊళ్లో చిన్న ఫంక్షన్ హాలు, వెనకాల ఫ్లెక్సీ, ముందు ప్లాస్టిక్ కుర్చీలు. న్యాయనిర్ణేత రిటైరైన తెలుగు లెక్చరరు. పేర్లు తీసేసి కవితలన్నీ ముందే ఆయనకు పంపారు.

సారుకు గాథాసప్తశతి ప్రాణం. శాతవాహన రాజు హాలుడి పేరు మీదున్న ఆ ఏడువందల ప్రాకృత గాథల్లో రాజుల కంటే పొలం దున్నేవాళ్లు, వాళ్ల పెళ్లాలే ఎక్కువని మొదలుపెట్టాడు. శ్రీనాథుడు కుర్రతనంలో దాన్ని తెలుగు చేస్తే ఆ పుస్తకం మనకు దక్కలేదని ఓ నిట్టూర్పు. అక్కణ్ణుంచి గోదావరి గట్టు మీది గాథకు వెళ్లాడు. ఒక పిల్ల ప్రియుణ్ణి కలుసుకునే పొదల దగ్గరికి ఒక భక్తుడు పూలకోసం వస్తున్నాడు. ఆయన్ని భయపెట్టే కుక్కను సింహం చంపేసిందనీ, ఆ సింహం ఈ పొదల్లోనే ఉంటుందనీ, ఇక హాయిగా తిరగమనీ చెబుతుంది ఆ గడుసు పిల్ల. తొమ్మిదో శతాబ్దంలో కశ్మీరు ఆనందవర్ధనుడు ధ్వనికి ఉదాహరణగా ఎత్తుకున్నది దీన్నే.

"పైకి రమ్మనడం, లోపల రావద్దనడం. మాట దగ్గర ఆగిపోయేవాడు కవిత్వం చదవకూడదు" అన్నాడు సారు. చప్పట్లు బాగానే పడ్డాయి. తర్వాత మొదటి బహుమతి కవిత చదివాడు.

నడిజాముకు వస్తది
అది వచ్చిందంటే పక్కల ఆయన ఆగడు
దిగ్గున లేశి సెప్పులు మరిశి ఉరుకుతడు
ఆనాడు తడి చేతులతోటి పట్టుకున్నడు
కట్టె లెక్క నిలవడ్డడు
అది మల్ల ఇడువలే

"అది! సవతిని పేరు పెట్టి పిలవడానికి కూడా నోరు రాలేదు" అన్నాడు సారు. తడి చేతులంటే స్వేదం, కట్టెలా నిలబడటమంటే స్తంభం, రెండూ సాత్త్విక భావాలే. ఇక నాయిక సంగతి. రాత్రంతా ఇంకొకతె దగ్గరుండి, తెల్లారి ఒంటిమీద గుర్తులతో ఇల్లు చేరిన మగణ్ణి చూసి కుమిలిపోయే ఆడదాన్ని అలంకారికులు ఖండిత అన్నారు. "తెల్లారి ఆయన వచ్చాడని గానీ, గుర్తులున్నాయని గానీ ఈమె ఎక్కడా రాయలేదు. రాయకుండానే మనకు కనబడటం లేదూ?"

ముందు వరసలో ఒకరిద్దరు ముసిముసిగా నవ్వారు. కవయిత్రిని పిలిస్తే, ఇంటర్ చదివే పిల్ల లేచి వచ్చింది. తను కాదట, వాళ్లమ్మ చెబితే తను రాసిందట. అమ్మ రాలేదు. సారు శాలువా పిల్లకే కప్పి, మైకులోనే సరదాగా అడిగాడు.

"ఇంతకీ ఎవరమ్మా ఆమె? మీ ఊరేనా?"

"త్రీఫేజు సార్."

సారుకు వినబడలేదో, అర్థం కాలేదో. "ఎవరూ?"

"కరెంటు సార్. త్రీఫేజు కరెంటు."

సేద్యానికి ఇరవై నాలుగు గంటల కరెంటు 2018 జనవరి 1 నుంచి. అంతకు ముందు మోటర్లకు విడతలుగా ఇచ్చేవాళ్లు, అందులో ఒక విడత రాత్రిపూట. అది వచ్చే వేళకు లేచి వెళ్లి స్టార్టర్ నొక్కకపోతే మడి ఎండేది. బురదలో నిలబడి, తడి చేత్తో, చీకట్లో తడుముకుంటూ ఆ డబ్బా తెరవడం కుర్చీల్లో ఉన్న సగంమందికి అలవాటే. నవ్వినవాళ్లు తల దించుకున్నారు.

సారు మైకు కిందికి దించాడు. పిల్ల మాత్రం ఇంకా చెప్పాల్సింది ఉన్నట్టు అక్కడే నిలబడింది.

"చేతి మీద గుర్తులు ఉండె సార్, మీరన్నది నిజమే. కానీ తెల్లారి మా నాయిన రాలే. తెచ్చిన్రు."