మూత

మా బాబాయి ప్యారిస్ వెళ్లి ఒక్క రూపాయి పోగొట్టుకోకుండా తిరిగొచ్చాడు. కైకలూరులో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు.

ఆయనకి చేపల చెరువులున్నాయి. 2025 వేసవిలో చెరువు పట్టుబడి అయిపోయాక, పిన్నిని తీసుకుని టూరు బస్సులో యూరప్ తిరిగొచ్చాడు. ప్యారిస్‌లో ఉన్నది మూడు రోజులు. బస్సులో వాళ్లలో ఇద్దరికి పర్సులు పోయాయి. ఒకావిడ ఫోను మెట్రో రైల్లో పోయింది. తలుపులు మూసుకుంటున్న క్షణంలో ఎవడో లాక్కుని ప్లాట్‌ఫారం మీదకి దూకేశాడట. బాబాయికి ఏమీ పోలేదు. అప్పట్నుంచీ ఊళ్లో ఎవరు విదేశం బయల్దేరినా, వెళ్లేది సింగపూర్ అయినా సరే, ముందు మా బాబాయి అరుగు మీద గంటసేపు కూర్చుని వెళ్తున్నారు.

డిసెంబరులో మేష్టారు వచ్చారు. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయినాయన. జర్మనీలో ఉన్న కూతురు ఏప్రిల్లో రమ్మంది. తనకి సెలవు దొరకదు కాబట్టి ప్యారిస్ మాత్రం మీరిద్దరే చూసి రండి అంది. మేష్టారు వంద పేజీల నోటుపుస్తకం తెచ్చుకున్నారు. మొదటి పేజీకి మార్జిన్ కూడా గీసి ఉంది.

బాబాయి మొదలుపెట్టాడు. వీసాకి 30,000 యూరోల వైద్య బీమా కాగితం లేకపోతే దరఖాస్తే తీసుకోరు. పాస్‌పోర్టు హోటల్ లాకర్లో, జిరాక్సు జేబులో ఉండాలి. డబ్బు మూడు చోట్ల పెట్టుకోవాలి. ఫోన్ చార్జరుకి మన రెండు పుల్లల పిన్ను అక్కడ దూరుతుంది, మూడు పుల్లలది దూరదు. లూవ్ర్ మ్యూజియం మంగళవారం మూత. మెట్రో టిక్కెట్టు బయటికొచ్చేదాకా దగ్గరే ఉంచుకోవాలి. తనిఖీవాళ్లు అడిగినప్పుడు లేదంటే జరిమానా. షాపులోకి అడుగుపెడుతూనే బోన్‌జూర్ అనాలి. అనకపోతే మొహం తిప్పేసుకుంటారు.

"నీళ్లు?" అన్నారు మేష్టారు.

"వీధుల్లో ఆకుపచ్చ ఇనప పంపులుంటాయండీ. ఆ నీళ్లు తాగొచ్చు."

"అది రెండోరోజు తెలిసింది," అంది పిన్ని లోపల్నుంచి. "మొదటిరోజు సీసా మూడు యూరోలు పెట్టి కొన్నారు."

బాబాయి వినిపించుకోలేదు. దొంగల దగ్గరికొచ్చాడు. గుట్ట మీద తెల్ల చర్చి మెట్ల దగ్గర రంగు దారాలతో నిలబడతారు. గుళ్లో తోరం కట్టినట్టు చేతికి చుట్టేస్తారు. ముడి పడ్డాక విప్పడం మనవల్ల కాదు, డబ్బివ్వాల్సిందే. ఈఫిల్ టవర్ దగ్గర మూడు గిన్నెల ఆట. తిరనాళ్లలో పేకముక్కలు తిప్పేవాడికి తమ్ముడన్నమాట. చుట్టూ నిలబడి గెలుస్తున్నవాళ్లంతా వాడి మనుషులే. ఇంకో చోట అమ్మాయిలు అట్ట మీద కాగితం పెట్టుకుని సంతకం చెయ్యమంటారు. మనం సంతకం పెడుతుంటే రెండో అమ్మాయి మన జేబు చూసుకుంటుంది.

మేష్టారు రాసుకుంటూనే ఉన్నారు.

"ఇవన్నీ ఒక ఎత్తు, ఉంగరం ఒక ఎత్తు," అన్నాడు బాబాయి. కుర్చీ ముందుకి జరిపాడు.

"సీన్ నది ఒడ్డున నేనూ మీ చెల్లెమ్మా నడుస్తున్నాం. ఎదురుగా వస్తున్నవాడు వంగి, నేల మీంచి ఉంగరం తీశాడు. మెరిసిపోతోంది. చూపుకి కాసు బంగారం ఉంటుంది. 'మీదేనా? పడిపోయింది' అని చెయ్యి చాపాడు. మనది కాదంటామా? 'పోనీ మీ అదృష్టం, ఉంచుకోండి' అని చేతిలో పెట్టేస్తాడు. నాలుగడుగులు వేస్తామో లేదో, వెనకే వచ్చి 'ఆకలిగా ఉంది, ఏమైనా ఇవ్వండి' అంటాడు. కాసు బంగారం చేతిలో పెట్టినవాడికి ఇరవై యూరోలు ఇవ్వలేమా? ఇస్తాం. హోటల్‌కెళ్లి చూసుకుంటే ఇత్తడి."

"మీరు ఇచ్చారా?"

"నేనా! ఆగనే లేదు."

పిన్ని ఈసారి ఏమీ అనలేదు.

"వాడు మంచివాడిలా ఉంటాడు మేష్టారూ. అదీ అసలు చిక్కు. నవ్వుతాడు, మర్యాదగా పిలుస్తాడు, ఆయాసపడుతూ మనకోసమే పరిగెత్తుకొచ్చినట్టుంటాడు. దొంగలా ఉంటే మనకి తెలియదూ? పడిపోయిందని పిలిచి ఇచ్చేవాడెవడైనా సరే, ఆగకూడదు. మొహంలోకి చూడకూడదు, చేతిలోకి అసలే చూడకూడదు. ముందు సంచి."

లేచి నిలబడ్డాడు. తువ్వాలుని సంచిలా వీపున వేసుకున్నాడు. ఒక్క విసురులో పొట్ట మీదకి తిప్పుకుని, చంటిపిల్లాడిని పొదువుకున్నట్టు రెండు చేతులూ వేశాడు. మేష్టారు కోసం ఇంకోసారి చేశాడు.

"ఇలా తిప్పుకుని, 'నో మెర్సీ' అనేసి, నడక ఆపకుండా వెళ్లిపోవాలి."

"దయ లేదనా?" మేష్టారిలో ఇంగ్లీషు లేచింది.

"ఫ్రెంచి అండీ. అక్కర్లేదు, థ్యాంక్స్ అని. మీరన్నదీ తప్పు కాదులెండి. అక్కడ దయ చూపిస్తే జేబు పోద్ది."

మేష్టారు ఆ మాట రాసుకుని కింద గీత గీశారు.

ముగించేసరికి నాలుగైంది. ఆటపాక చెరువులోకి పెలికాన్లు దిగాయి, చూసొద్దాం రండని బాబాయి కారు తీశాడు. నేనూ ఎక్కాను.

ఆటపాక ఉన్న కొల్లేరు సరస్సు 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాకెక్కింది. పక్షుల కోసం అప్పుడప్పుడూ తెల్లవాళ్లు కూడా వస్తుంటారు. ఆ రోజు ఒక జంట ఉన్నారు. అటవీశాఖ పాతిన ఇనప స్టాండ్ల మీద పెలికాన్లు గూళ్లు సర్దుకుంటున్నాయి. ఆయన మూడు కాళ్ల స్టాండు మీద కెమెరా పెట్టుకున్నాడు. ఆవిడ వీపున సంచితో పక్కన నిలబడి ఏదో అంది.

బాబాయి నా చెయ్యి నొక్కాడు. "ఫ్రెంచి!"

అక్కణ్ణుంచి ఆయన పక్షుల్ని చూడలేదు. పలకరించడానికి సందు కోసం చూశాడు. దొరకలేదు. కాసేపటికి వాళ్లు సామాను సర్దుకుని కారు వైపు నడిచారు. ఆయన ముందు వెళ్తున్నాడు. ఆవిడ జేబులోంచి నల్లటిదేదో గడ్డిలో పడింది. ఆవిడ చూసుకోలేదు.

కెమెరా మూత.

బాబాయి వంగి తీశాడు. అంటిన మట్టిని తువ్వాలుతో తుడిచాడు. తుడుస్తూనే పరుగందుకున్నాడు.

"మేడమ్! బోన్‌జూర్ మేడమ్!"

చెయ్యి చాపి, ఆయాసపడుతూ, నవ్వు మొహంతో ఆవిడ పక్కకి చేరాడు.

ఆవిడ ఆగలేదు. ఆయన మొహంలోకి చూడలేదు, చేతిలోకీ చూడలేదు. వీపున ఉన్న సంచిని ఒక్క విసురులో పొట్ట మీదకి తిప్పుకుని రెండు చేతులూ వేసింది.

"నో, మెర్సీ," అంది.

కారు తలుపు పడింది. కారు గట్టు మీద దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది. బాబాయి చాపిన చెయ్యి ఇంకా దించలేదు. అరచేతిలో మూత అలాగే ఉంది.

చంకలో నోటుపుస్తకంతో మేష్టారు ఆయన పక్కకి చేరారు. కారు మలుపు తిరిగేదాకా చూశారు.

"అచ్చం మీరు చెప్పినట్టే చేసిందండీ!" అన్నారు.