కూపన్ పంచాంగం

మొత్తానికి 26 ఆన్‌లైన్ కంపెనీలు తమ దగ్గర కొనేవాళ్లను ఏమార్చే ఎత్తులేవీ లేవని, తామే తనిఖీ చేసుకుని లేదా తమ ఖర్చుతో చేయించుకుని, ప్రభుత్వానికి పత్రాలు రాసిచ్చాయి. ప్రభుత్వం మెచ్చుకుంది కూడా. ఇంకేం, ఇంట్లో కందిపప్పు నిండుకుంటే నిశ్చింతగా ఫోన్ తీయొచ్చు. తీసేముందు పంచాంగం చూసుకోవాలి, అంతే. తిథి అంటే కూపన్ గడువు, అర్ధరాత్రితో సరి. వారం అంటే ఫలానా బ్యాంకు కార్డుకు ఫలానా రోజు. నక్షత్రం ధర పక్కనే ఉంటుంది, షరతులు వర్తిస్తాయని చెప్పే చిన్న చుక్క. యోగం అంటే రెండు కూపన్లు ఒకే ఆర్డరులో కలవడం. అది మహా అరుదు, కార్డు కూపన్ పెట్టగానే ఉచిత డెలివరీ ఊడిపోతుంది. కరణంగారు బిల్లు అడుగున కూర్చుని హ్యాండ్లింగ్ ఫీజు రాస్తుంటారు. వాన పడితే వర్జ్యం, దానికి వేరే రుసుము.

ఇక ఫలితాలు. 999 చేరితే 100 తగ్గింపు అన్నారనుకోండి. ఇంటికి కావలసింది 700 సరుకే. వంద కోసం మరో 299 సరుకు వేసుకుంటే జేబులోంచి 199 అదనంగా పోతుంది, తెరమీద మాత్రం ఆదా చేశారని పూలు రాలతాయి. ఆదాయం 100, వ్యయం 299. రాజపూజ్యం ఆ పూలే. అవమానం కావాలంటే ‘వద్దు, నాకు ఆదా అక్కర్లేదు’ అనే బటన్ నొక్కాలి.

ఓపికున్నవాళ్లు బాగుపడుతున్నారుగా, మీకెందుకు కడుపుమంట అనొచ్చు. బాగుపడుతున్నారు, నిజమే. క్రెడిట్ కార్డు, ఫోను, తీరిక మూడూ ఉన్నవాళ్లు. అదే నూనె ప్యాకెట్‌ను కూలి డబ్బుతో కొనేవాడు పూర్తి ధర కడతాడు. కూపన్ చేసే పనే అది: వెతకగలిగినవాడికి ఒక ధర, వెతకలేనివాడికి ఇంకో ధర. పప్పూ ఉప్పూ కొనడానికి సన్నక్షరాల షరతులు చదివించడం పొదుపు నేర్పడం కాదు, జీతం లేని చాకిరీ చేయించుకోవడం. ధరను ముక్కలుగా చూపడం, అడగనిది బుట్టలో వేయడం, లేని తొందర పుట్టించడం, ఇలా 13 రకాల ఎత్తులను 2023 నవంబరులోనే నిషేధించారు. ఆ నిషేధం అమలవుతోందో లేదో చూడాల్సిన ప్రభుత్వం 2025 జూన్‌లో కంపెనీలకే మూడు నెలల గడువిచ్చి, మీరే చూసుకోండి అంది. సిగ్గుచేటు. ఏమార్చేవాళ్ల సంతకాన్ని నమ్మేటట్టయితే చట్టమెందుకు, శాఖ ఎందుకు?

మొదట చూపిన ధర డబ్బు కట్టేచోట పెరిగితే ఆ తెరను ఫొటో తీసి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. ఆ 26 పత్రాల పక్కన మన ఫిర్యాదుల దొంతర కూడా ఉండాలి.