నాయకత్వ వికాసము

జీవవైద్య పరిశోధక విద్యార్థులయందు నాయకత్వ లక్షణములను పెంపొందింపవలెనని సంకల్పించిన ఒకానొక సంస్థవారు, విద్యార్థిసంఘమునకు ఎన్నికలు జరిపించి, సభలలో పంచవలసిన సమోసాల సంఖ్యను నిర్ణయించు సర్వాధికారమును, గైడుగారి అనుమతికి లోబడి, అధ్యక్షునకు ప్రసాదించిరి.

ఫిబ్రవరి 28న, జాతీయ విజ్ఞాన దినోత్సవమున, ప్రయోగశాలకు విచ్చేసిన బడిపిల్లలకు, మైటోకాండ్రియా కణమునకు శక్తిని ఒక్క క్షణమైనను బకాయి పెట్టక సరఫరా చేయునని ఆ అధ్యక్షుడు గంభీరముగా బోధించుచుండగా, ఒక బాలిక లేచి, "అన్నా, మీకు జీతమిస్తారా?" అని యడిగెను.

2023 జనవరి నుండి జేఆర్‌ఎఫ్ పరిశోధక భృతి నెలకు 37,000 రూపాయలైనదని అతడు సగర్వముగా సెలవిచ్చెను.

"ఎప్పుడొస్తుంది?"

(పిల్లలకు గైడులుండరు గదా!)

అధ్యక్షుడు, ఏ మంత్రివర్యునికిని తీసిపోని చిరునవ్వుతో, "చాలా మంచి ప్రశ్న, తరువాత ఎవరు?" అనెను.